కుడి పక్క ఫెండర్

ఆ జీపు షెడ్డులోకి రాకముందే దాని ఏడుపు వినిపించింది. వీధి మలుపులో కీచుమని ఒక అరుపు, గేటు దగ్గర ఇంకొకటి, లోపలికి తిరిగేటప్పుడు చెవులు చిల్లులు పడేలా మరొకటి. పెయింటు గన్ను కడుక్కుంటున్న అక్క చెవులు మూసుకుంది. రేకు సాగగొడుతున్న తమ్ముడు సుత్తి పక్కన పెట్టి తలెత్తాడు. టైరు ఫెండరును రాసుకుంటోందని అతనికి చూడకుండానే తెలిసిపోయింది.

డ్రైవరు సీట్లోంచి ఒక అమ్మాయి కిందికి దూకింది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, బూట్ల నిండా బురద, మొహం నిండా చిరాకు.

“ఇక్కడ టింకరింగ్ చేసేదెవరండీ?”

అతను బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు.

“ముందు చక్రాల మీద ఈ ఫెండర్లున్నాయి చూడండి, వీటి అంచులు కోసెయ్యాలి. రెండు పక్కలా. సాయంత్రానికల్లా కావాలి.”

“కొయ్యను.”

“ఏంటి?”

“కొయ్యనండి.”

“పోనీ, కోసేవాళ్ళు ఎక్కడుంటారో చెప్పండి.”

“వెనక వీధిలో ఒకాయన ఉన్నాడు. అడిగిందల్లా కోసేస్తాడు. వచ్చే ఏడాదికి మీ చేతిలో స్టీరింగ్ ఒక్కటే మిగులుతుంది.”

అక్క పక్కకు తిరిగి నవ్వుకుంది. ఆ అమ్మాయికి మాత్రం నవ్వు రాలేదు.

“చూడండి మేస్త్రీగారూ, నేను పశువుల డాక్టర్ని. పొలాల్లోకి వెళ్తే పాత టైర్లు దిగబడిపోతున్నాయి. అవతల ఆవు ఈనలేక అల్లాడిపోతుంటే ఇవతల నేను బురదలో బండి తోసుకుంటూ ఉంటున్నాను. అందుకని వెడల్పు టైర్లు వేయించాను. ఇప్పుడేమో తిప్పితే చాలు, రాసుకుంటున్నాయి. అంచు కోస్తే సరిపోతుందని టైర్ల షాపులో చెప్పారు.”

“వాళ్ళకి టైరు బాగుంటే చాలు. ఈ అంచు లోపలికి మడిచి ఉంది, వేలు పెట్టి చూడండి. రేకు బలమంతా ఆ మడతలోనే ఉంది. కోశారంటే పచ్చి అంచు బయటపడుతుంది, బురద నీళ్ళు తగిలిన మొదటి రోజే తుప్పు మొదలవుతుంది. కొయ్యకుండా వేడి చేసి, బయటికి సాగదీయాలి. చాలనిచోట కొత్త రేకు అతకాలి. టైరుకి చోటు దొరుకుతుంది, మడత మడతలాగే ఉంటుంది.”

“ఎన్నాళ్ళు పడుతుంది?”

“మూడు వారాలు.”

“మూడు వారాల్లో కోడి గుడ్లు పొదిగేస్తుందండీ!”

“మరి దాన్ని తొందరపెడతారా?”

ఆమె ఒక్క క్షణం అతనికేసి చూసింది. అప్పుడు నవ్వొచ్చింది. తాళం చెవి అతని చేతిలో పెట్టి, “ఇది మా బామ్మ బండి. జాగ్రత్త,” అని చెప్పి బూట్లు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

రేకు గురించి అయితే అతను అలా గడగడా మాట్లాడగలడు. మనుషుల సంగతికొస్తే నోట్లో నాలుక లేనట్టే. అప్పు తీసుకున్నవాడిలా చూపులు దించుకుంటాడు, అవసరమైన మాట దగ్గరే నీళ్ళు నములుతాడు. అలాంటివాడు ప్రేమలో పడకుండా ఉండాలి. పడ్డాడు. అదీ, తాళం చెవి ఇంకా అరచేతిలో వెచ్చగా ఉండగానే.

*

ఆ రోజు నుంచి డాక్టరమ్మ రోజూ సాయంత్రం ఎవరిదో స్కూటరు అడుక్కుని షెడ్డుకి వచ్చేది. బండి ఎంతవరకు వచ్చిందో చూసి పోదామనట. బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుని ఆ రోజు తను చూసిన పేషెంట్ల కబుర్లన్నీ చెప్పేది. సూదిని చూడగానే యజమాని వెనక దాక్కున్న ఎద్దు గురించి, మేకను తెచ్చి తన మంచం మీద పడుకోబెట్టిన ముసలాయన గురించి. అతను పని ఆపకుండా “ఊఁ” అనేవాడు.

“ఊఁ కాకుండా ఇంకేమన్నా వచ్చా మీకు?”

“ఊఁ.”

“నా పేషెంట్లే నయం. నొప్పి పుడితే అరవనన్నా అరుస్తాయి.”

అక్క గన్ను చేత్తో పట్టుకుని మధ్యలోకి వచ్చేది. “వీడు పుట్టినప్పుడు కూడా ఏడవలేదమ్మా. డాక్టరు తలకిందులుగా పట్టుకుని కొడితే, ‘పోనీలే’ అన్నట్టు ఒక్కసారి మూలిగాడట.”

బామ్మ సంగతులు కూడా అలాగే తెలిశాయి. ఆమె ఒకప్పుడు కాన్పులు చేసే నర్సు. వయసులో ఉన్నన్నాళ్ళూ ఈ జీపు తనే నడుపుకుంటూ ఇంటింటికీ తిరిగి పురుళ్ళు పోసింది. చూపు మందగించాక బండిని మనవరాలికి ఇచ్చేసింది. తల్లీ తండ్రీ లేని ఈ పిల్లని పెంచింది ఆవిడే. “నువ్వు మనుషులకి, నేను పశువులకి. బండి మాత్రం ఒకటే బామ్మా, అంటుంటాను,” అని చెప్పి ఆమె నవ్వింది. ఆ నవ్వు అతను సుత్తి దెబ్బల మధ్య జాగ్రత్తగా విన్నాడు.

అంచులు సాగాయి. కొత్త రేకు అతుక్కుంది. పాత రంగు, పాత తుప్పు మొత్తం గీకేసి ఫెండర్లని పచ్చి ఇనుము దాకా తెచ్చిన మధ్యాహ్నమే, చెప్పాపెట్టకుండా వాన దిగింది. షెడ్డు కప్పు సరిగ్గా జీపు నెత్తిమీదే కారింది. పచ్చి రేకు మీద చుక్క పడితే గీకుడు పని మళ్ళీ మొదటికొస్తుంది. అక్క షెడ్డులో లేదు. అతను పట్టా కోసం పరిగెత్తి తిరిగొచ్చేసరికి, అప్పుడే స్కూటరు దిగిన డాక్టరమ్మ తన రెయిన్‌కోటు విప్పి ఫెండరు మీద కప్పి, తను నిలువునా తడుస్తూ నిలబడి ఉంది.

“తడుస్తున్నారు,” అన్నాడు.

“నాతోనేనా? బండితోనేమో అనుకున్నా.”

“మీతోనే.”

“అమ్మయ్య. ఇవాళ రెండు మాటలు.”

రేకు తుడిచి, ఆరబెట్టి, వాన తెరిపి ఇవ్వకముందే ఇద్దరూ కూర్చుని తుప్పు పట్టకుండా ఎర్ర ప్రైమర్ పూశారు. ఆమె ఎడమ పక్క, అతను కుడి పక్క. మధ్యలో ఆమె ముక్కు గోక్కుంది. ముక్కు కొసన ఎర్రటి బొట్టులా ప్రైమర్ అంటింది. అతను చూశాడు. చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు.

మరునాడు ఆమె రావడం రావడమే కయ్యానికి వచ్చింది. “ముక్కు మీద రంగుందని చెప్పొద్దూ? వీధి వీధంతా నవ్వారు. చూడలేదని మాత్రం అనకండి.”

“చూశాను.”

“మరి?”

“బాగుంది కదా అని...” అతను నసిగాడు. తర్వాత గ్రైండరు ఆన్ చేశాడు. అక్కడ గ్రైండరుతో చెయ్యాల్సిన పనేమీ లేదు.

ఆమె డబ్బా మీద కూర్చుని ఆ రోజు ఎవరి కబురూ చెప్పలేదు. కాసేపు తన మానాన తను నవ్వుకుని వెళ్ళిపోయింది.

*

చివరి పని కింది కోటింగ్. ఫెండరు అడుగున, ఫుట్‌బోర్డుతో కలిసే చోట, రెండు రేకుల మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. బురద నీళ్ళు అక్కడికి ఎలాగూ చేరతాయి. చేరిన నీళ్ళు కారిపోవడానికి కిందివైపు కన్నాలుంటాయి. లోపల నల్లటి రబ్బరు కోటింగ్ కొట్టేముందు ఆ కన్నాల్లో గుడ్డపీలికలు కుక్కుతారు, లేకపోతే కోటింగే వాటిని మూసేస్తుంది. కోటింగ్ ఆరాక పీలికలు లాగెయ్యాలి. ఈ పని చేసేవాడెవడూ మరిచిపోయే సంగతి కాదు.

అతను జీపు కింద వెల్లకిలా పడుకుని ఎడమ పక్క పీలికలు లాగేశాడు. కుడి పక్కకి జరగబోతుంటే బూట్లు కనిపించాయి. ఆ రోజు వాటికి బురద లేదు. శుభ్రంగా కడిగి ఉన్నాయి.

“మేస్త్రీగారూ.”

“ఊఁ.”

“మా బామ్మ నాకొక సంబంధం చూసింది.”

కింద ఉన్న మనిషి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“మంచి ఉద్యోగమట. మంచి కుటుంబమట. ఏమంటారు?”

వద్దనడానికి తనెవరు? మసి చేతుల టింకరు. బండి అప్పజెప్పగానే ఆమె ఇటు రావడానికి కారణమే ఉండదు. ఇన్ని ఆలోచనలు తోసుకుంటూ వచ్చాయి గానీ, వాటిలో ఒక్కటీ గొంతు దాటలేదు.

“మంచిది,” అన్నాడు.

బూట్లు అక్కడే నిలబడ్డాయి. “అంతేనా?”

“మంచి సంబంధం అంటున్నారుగా.”

ఇంకొంచెంసేపు నిలబడి, బూట్లు వెనక్కి తిరిగాయి. అతను జీపు కిందనుంచి బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, తాళం చెవి ఇచ్చాడు. ఆమె మొహంలోకి చూడలేక ఫెండరుకేసి చూస్తూ అప్పగింతలు చెప్పాడు.

“బురద పట్టినప్పుడల్లా కడగండి. పైపైన కాదు, చక్రం లోపలివైపు కూడా.”

“అలాగే.”

“తడి ఆరాకే మూలన పెట్టండి.”

“అలాగేనండి. ఇంకేమీ లేదుగా చెప్పేది?”

“లేదు.”

జీపు గేటు తిరిగింది. వీధి మలుపు తిరిగింది. ఎక్కడా చిన్న కీచు కూడా లేదు. అక్క పక్కకు వచ్చి, “అరుపు మాన్పించావురా. ఎంత బాగా చేశావో,” అంది. తమ్ముడి మొహం చూసి మిగతా మెప్పు మింగేసింది.

*

ఆ ఏడాది వానలు ఆగకుండా పడ్డాయి. అతనికి అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు, పని మీద ధ్యాస కుదరలేదు. ఆమె పెళ్ళి అయిపోయి ఉంటుందని ఒకసారి అనుకున్నాడు. అనుకున్నాక ఆ మాట వదిలిపెట్టలేదు. రోజూ కాస్త కాస్తగా ఆ పెళ్ళిని మనసులో కట్టుకుంటూ పోయాడు. పెళ్ళికొడుక్కి ఇస్త్రీ చొక్కా తొడిగాడు, గడగడా మాట్లాడే నోరిచ్చాడు. ఆ మనిషి ఆమె కబుర్లకి ఊఁ కొట్టడు, ఎదురు కబుర్లు చెప్తాడు. ఆమె పగలబడి నవ్వుతుంది.

గేటు దగ్గర బండి ఆగితే తలెత్తేవాడు. ఏ బండి అయినా సరే. కొన్నాళ్ళకి ఒక సంగతి తట్టింది. ఆ జీపు వస్తోందని తెలియడానికి ఉన్న ఒకే ఒక్క గుర్తు ఆ అరుపు. దాన్ని తన చేతులతో తనే మాన్పించాడు. ఇప్పుడామె పక్క వీధిలో రోజూ వెళ్ళినా తనకి తెలియదు. ఆ పూట సుత్తి ముట్టుకోలేదు.

“ఒక్కసారి వెళ్ళి ఆవులెలా ఉన్నాయో కనుక్కుని రాకూడదట్రా?” అంది అక్క.

“ఏ మొహం పెట్టుకుని వెళ్ళనక్కా?”

“ఉన్నది ఒక్కటేగా, అదే పెట్టుకుని వెళ్ళు.”

అక్క మాటలకి ఎప్పుడూ మూలగనన్నా మూలిగేవాడు. ఇప్పుడు అదీ లేదు. నవ్వించలేక అక్కకే కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంటి మనిషి కళ్ళ ముందే ఇలా లోలోపల అయిపోతుంటే ఎవరు మాత్రం ఏం చెయ్యగలరు?

వానలు వెనకపట్టిన రోజుల్లో ఫోను మోగింది.

“జీపుని మీ షెడ్డుకి పంపిస్తున్నాను. పాత ఇనుము కొనేవాళ్ళకి ఇచ్చెయ్యండి.” అదే గొంతు. కానీ అందులో ఆటపట్టించడం లేదు, చిరాకు కూడా లేదు.

“ఏమైందండీ?”

“బామ్మ ఉబలాటం కొద్దీ డ్రైవరు సీట్లో కూర్చుంది. దిగుతుంటే కుడి పక్క ఫుట్‌బోర్డు విరిగిపోయింది. కాలు విరిగింది.”

అతను చేతిలో ఉన్న సుత్తి కింద పెట్టేశాడు.

“మీ తప్పేం లేదు. ముసలి బండి. మీరు చేసినంత బాగా ఇంకెవరూ చెయ్యరు. అది చెబుదామనే చేశాను.”

ఫోను పెట్టేసింది.

*

లారీ మీద వచ్చిన జీపుని దింపించుకుని అతను ముందు ఎడమ పక్క చూశాడు. చేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చాడు. ఫెండరు అడుగున రంగు పొక్కులు పొక్కులుగా లేచి ఉంది. వేలితో నొక్కితే రేకు అట్టముక్కలా లోపలికి పోయింది. జీపు కిందికి దూరి చూశాడు. కన్నం ఉండాల్సిన చోట నల్లగా ఏదో. స్క్రూడ్రైవరు పెట్టి లాగాడు.

గుడ్డపీలిక ఊడి వచ్చింది. దాని వెనకే వానలన్నీ కలిసి మురిగిన ఎర్రటి నీళ్ళు బుడబుడమని అతని మొహం మీద, ఛాతీ మీద పడ్డాయి. అతను పక్కకి జరగలేదు. రెండో కన్నంలోంచి రెండో పీలిక లాగాడు. మళ్ళీ నీళ్ళు.

ఎడమ పక్క లాగాడు. కుడి పక్క లాగలేదు. ఇప్పుడు అంతా గుర్తొచ్చింది. బూట్లు గుర్తొచ్చాయి.

నీళ్ళు పోయే దారి లేక ఆ మూల నిలవుండిపోయి, ఫుట్‌బోర్డు పట్టి ఉంచే బ్రాకెట్టుని తిన్నాయి, అక్కడినుంచి బండి మొత్తాన్ని మోసే ఛాసిస్‌లోకి పాకాయి. తుప్పు పట్టకుండా మూడు వారాలు కాపు కాసిన మనిషే దానికి తొట్టి కట్టి పెట్టాడు. ఒక ముసలావిడ కాలు విరగ్గొట్టాడు.

మసి, తుప్పు నీళ్ళతో బయటికొచ్చిన తమ్ముణ్ణి, వాడి చేతిలో పీలికల్ని చూసి అక్కకి అర్థమైపోయింది. ఆమె గబగబా వెళ్ళి షెడ్డు తలుపు దగ్గరికి వేసింది.

“ఎవరు చూశారురా? పొయ్యిలో పారేసి ఊరుకో.”

“కాలవక్కా. నానిపోయాయి.”

“నేను చెప్పేది అదా! ఆ అమ్మాయే నీ తప్పు లేదంటోంది. నువ్వు వెళ్ళి చెప్పావంటే ఆ కాస్త మంచి మాటా పోతుంది. ఇంకేం మిగులుతుంది నీకు?”

నిజమే. ‘మీరు చేసినంత బాగా ఇంకెవరూ చెయ్యరు.’ ఆమె దగ్గర్నుంచి అతనికంటూ మిగిలింది ఆ ఒక్క వాక్యమే. ఊరుకుంటే అది జన్మంతా ఉంటుంది. నోరు విప్పితే అదీ పోతుంది, జాలి పోతుంది, ఆమె తలపుల్లో మంచివాడిగా ఉన్న ఆ మూల కూడా పోతుంది. ఇన్నాళ్ళూ ఏ మాటా చెప్పలేని మనిషికి, చెప్పాల్సిన మాట ఇదా దొరికింది!

“ఏమీ మిగలదక్కా,” అన్నాడు. పీలికల్ని కాగితంలో చుట్టాడు.

*

వాళ్ళ ఇల్లు మేడ మీద. తలుపు తీసింది డాక్టరమ్మే. చిక్కిపోయింది. పెళ్ళయిన ఇల్లు ఎలా ఉంటుందో చూడాలనిపించక అతను తల దించుకునే లోపలికి వెళ్ళాడు. కిటికీ పక్క చేతుల కుర్చీలో బామ్మ, స్టూలు మీద కట్టు కట్టిన కాలు.

“ఇతనేనా నీ కోడి మేస్త్రీ?” అంది బామ్మ, కళ్ళు చిట్లించి చూస్తూ. “కూర్చో నాయనా.”

అతను కూర్చోలేదు. కాగితం విప్పి పీలికల్ని బల్ల మీద పెట్టాడు. పెట్టాక, పుట్టిన దగ్గర్నుంచీ మాట్లాడనంతగా మాట్లాడాడు. కన్నాలు ఎందుకుంటాయో, పీలికలు ఎందుకు కుక్కుతారో, ఒక పక్కవి తీసి రెండో పక్కవి ఎలా వదిలేశాడో. ఫుట్‌బోర్డు విరిగింది బండి ముసలిదైనందువల్ల కాదని, తన వల్లేనని. దాచుకుందామా అన్న ఆలోచన వచ్చిందని కూడా చెప్పేశాడు.

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. “ఆపరేషన్ చేసి, కడుపులో గుడ్డ వదిలేసి కుట్లేస్తే, ఆ ఆవు యజమాని నన్నేం చేస్తాడో తెలుసా మీకు?”

“తెలుసండి.”

“ఇంకొంచెం ఎత్తునుంచి పడుంటే? నాకు ఈవిడ తప్ప ఎవరూ లేరు. ఎవరూ లేరండీ! మిమ్మల్ని నమ్మాను నేను.”

“తెలుసండి.”

“అన్నిటికీ తెలుసండి అనకండి!”

అతను నమస్కారం పెట్టి తలుపు వైపు తిరిగాడు. అయిపోయింది. అక్క చెప్పినట్టే ఏమీ మిగల్లేదు. మెట్లు దిగి వెళ్ళి ఏం చెయ్యాలో కూడా తోచలేదు.

“ఆగు అబ్బాయ్,” అంది బామ్మ. “కాలు నాది, అడిగేది నేను. ఎడమ పక్క తీసినవాడివి కుడి పక్క ఏమొచ్చింది నీకు? దెయ్యం పట్టిందా?”

అతను తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాడు.

“అప్పుడే... డాక్టరుగారు సంబంధం సంగతి చెప్పారండి. మీరు చూసిన సంబంధం. ఆ మాట విన్నాక నాకు ఎడమా కుడీ తెలియలేదు. కింద ఇంకా పని ఉందన్నదే గుర్తు లేదు. మీ మనవరాలంటే నాకు... అది సాకు కాదండి. అడిగారని చెప్తున్నాను.”

డాక్టరమ్మ మెల్లిగా వంటింటి వైపు జరగబోయింది.

“ఎక్కడికే?” అంది బామ్మ. “నేనెప్పుడు చూశాను నీకు సంబంధం?”

“పొయ్యి మీద పాలు...”

“పాలు పొద్దునే కాచావు. ఇలా రా. ఏ సంబంధం? ఏ ఉద్యోగం?”

ఆమె రాలేదు. గోడకి ఆనుకుని నిలబడి, బామ్మకి కాదు, అతనికి చెప్పింది. చెప్తుంటే కన్నీళ్ళు ధారకట్టాయి.

“ఏ సంబంధమూ లేదు. మీరేదో ఒక మాటంటారేమోనని అన్నాను. బూట్లు కూడా కడుక్కుని వచ్చాను. మీరు మంచిదన్నారు. వీధి మలుపు తిరిగి బండి ఆపుకుని ఎంత ఏడ్చానో! ఆ తర్వాత ఆ ఫెండర్ల వైపు చూడబుద్ధయ్యేది కాదు. కడగమన్నారుగా, ఒక్కసారి కూడా కడగలేదు. బురద బురదగానే వదిలేశాను. ఎండినా, తడిసినా, ఏమైపోతే నాకేం అనుకున్నాను.”

“పొక్కులు చూడలేదా?” అన్నాడతను.

“చూశాను. అవి చూపించాలంటే మీ దగ్గరికి రావాలి. అందుకే చూడనట్టు ఊరుకున్నాను.”

అతను వచ్చి, ఎవరూ చెప్పకుండానే, బామ్మ ఎదురుగా నేల మీద కూర్చుండిపోయాడు. ఇన్నాళ్ళ ఏడుపు ఎవరికోసమో, దేనికోసమో లెక్క కుదరడం లేదు. సంతోషించాలన్నా ఆ కట్టు కట్టిన కాలు ఎదురుగా ఉంది.

బామ్మ ఒకసారి అతణ్ణి చూసింది, ఒకసారి మనవరాల్ని చూసింది.

“బాగుంది. ఇది అబద్ధం చెప్పింది, నువ్వు పీలిక మరిచావు. ఇది కడగలేదు, నువ్వు వచ్చి కనుక్కోలేదు. ఇద్దరూ నోళ్ళు కుట్టుకుని కూర్చుని, నా కాలు విరగ్గొట్టారు, నా బండిని పొట్టన పెట్టుకున్నారు. ఇన్ని కాన్పులు చేశాను గానీ, ఒక్క మాట బయటికి రావడానికి ఇంత కష్టపడినవాళ్ళని చూడలేదమ్మా. ఇదిగో, విరగ్గొట్టింది ఇద్దరూ కాబట్టి మోయాల్సింది కూడా ఇద్దరే. నేనున్నన్నాళ్ళూ. తెలిసిందా?”

“బామ్మా...” అంది డాక్టరమ్మ.

“రాగాలు తీయకు. బండిని ముక్కలు చేసేలోపు నేనొకసారి చూడాలి. ఆటో పిలిపించండి. ముందు ఈ కుర్చీ కిందికి దింపండి.”

*

అతను ముందువైపు పట్టుకుని వెనక్కి వెనక్కి మెట్లు దిగాడు. ఆమె వెనకనుంచి కుర్చీ వీపు పట్టుకుంది. మధ్యలో బామ్మ, కాలు చాపుకుని, మహారాణిలా.

“బతుకుతుందా బండి?” అడిగింది డాక్టరమ్మ.

బతుకుతుందని చెప్పాలని అతనికి ప్రాణం కొట్టుకుంది. “బతకదండి.”

“ఏమీ చెయ్యలేరా? మీరు కూడా?”

“ఛాసిస్ దాకా తినేసింది. మీరు చూసుకునేందుకు అతికించి ఇవ్వగలను. మళ్ళీ మిమ్మల్ని అందులో ఎక్కించలేను.”

ఆమె పెదవి కొరుక్కుంది. కన్నీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఇద్దరూ ఇంకో మెట్టు దిగారు.

“మీరంటే నాకు ఇష్టమండీ,” అన్నాడతను బామ్మ తల మీదుగా.

“ఇప్పుడా చెప్పడం! మెట్టు చూసుకోండి.”

“ఇప్పుడు కాకపోతే మళ్ళీ చెప్పలేనేమోనని.”

“చెప్పనివ్వవే,” అంది బామ్మ. “కుర్చీ వదలకుండా ఉంటే చాలు.”

డాక్టరమ్మ కుర్చీ వీపుని ఇంకా గట్టిగా పట్టుకుంది. “ఇకమీద ఏదున్నా అప్పుడే చెప్పండి. కోపమొచ్చినా, వద్దనిపించినా, ముక్కు మీద రంగున్నా సరే. లోపల పెట్టుకుని ఊఁ అనకండి. ఇంకొకటి పోగొట్టుకునే ఓపిక నాకు లేదు.”

“చెప్తాను.”

“ఇప్పుడేమన్నా ఉందా చెప్పేది?”

అతను ఆలోచించాడు. “చేతులు లాగేస్తున్నాయండి.”

“నాకూ,” అంది ఆమె, వెక్కుతూనే.

“దింపండి మరి, అఘోరించారు,” అంది బామ్మ. మెట్ల మలుపులో కుర్చీ దింపి ముగ్గురూ కాసేపు అక్కడే ఆగిపోయారు.